యూరప్‌లో ఖాళీ అయిన ఊళ్ళు చూడాలంటే: గేటు దాకా వెళ్ళి వెనక్కి రాకుండా

యూరప్‌లో జనం వదిలేసిన ఊళ్ళు చూడాలని ఉంది, లోపలికి రానిస్తారా, టూర్ లేకుండా సొంతంగా వెళ్ళొచ్చా, అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా? జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నవాళ్ళు, ఐర్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు, ఎండాకాలంలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు, అందరూ తిప్పి తిప్పి అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, మొదటి నుంచి చివరి దాకా వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక అపోహ పోవాలి. ఘోస్ట్ టౌన్ అంటే అడిగే నాథుడు లేని ఊరని చాలామంది అనుకుంటారు. అలాంటి ఊరు దాదాపు లేదు. ఒక ఊరు మున్సిపాలిటీ చేతిలో ఉంటుంది, ఒకటి ప్రభుత్వానిది, ఒకటి సైన్యానిది, ఇంకొకటి బొగ్గు కంపెనీది. కంచె, గేటు, టైమింగులు, టికెట్ అన్నీ ఉంటాయి. అందుకే ఫోటో చూసి ఊరు ఎంచుకోకండి, గేటు చూసి ఎంచుకోండి.

కావలసినవి

- పాస్‌పోర్ట్, వీసా లేదా రెసిడెన్స్ పర్మిట్. ఒరిజినల్సే ఉండాలి, ఫోన్‌లో ఫోటో పనికిరాదు.
- టికెట్ ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని ఉండాలి. కొండల్లో సిగ్నల్ వస్తుందని నమ్మకండి. ఆ ప్రాంతం మ్యాప్ కూడా ఆఫ్‌లైన్‌లో పెట్టుకోండి.
- అడుగున పట్టు ఉన్న షూస్. ఇటలీలోని క్రాకో ఊరికి క్రాక్స్ వేసుకుని రాకండి. చెప్పులేసుకుని వస్తే గైడ్ గేటు దగ్గరే ఆపేయొచ్చు.
- ఫుల్ ప్యాంటు. ముళ్ళకే కాదు, గడ్డిలో ఉండే పిడుదు పురుగులకి కూడా. అమ్మకి చీరే అలవాటైనా ఆ ఒక్క రోజు చుడీదార్, షూస్ మేలు. అరిగిపోయిన రాతి మెట్ల మీద కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడతాయి.
- ఎండాకాలమైతే మనిషికి లీటరున్నర నీళ్ళు, టోపీ.
- తిండి. దీని గురించి కింద విడిగా చెప్తాను.
- పవర్ బ్యాంక్, చిన్న టార్చి, కాస్త చిల్లర క్యాష్.
- కారు అద్దెకు తీసుకుంటే మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, డ్రైవ్ చేసేవాళ్ళ పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు. ఆ పర్మిట్ ఇండియాలో మన ఆర్టీఓ ఆఫీసే ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. విమానం ఎక్కాక గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. కెమెరా ఉన్న డ్రోన్ ఎగరేయాలంటే యూరోపియన్ యూనియన్‌లో ముందు ఆపరేటర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. అది చేసుకున్నా, మనుషులు నడిచే శిథిలాల మీద ఎగరేయడానికి విడిగా అనుమతి కావాలి. ఒక్క పూట ట్రిప్‌కి అంత తలనొప్పి ఎందుకు?

1. ఊరిని గేటు బట్టి ఎంచుకోండి

ఎప్పుడూ తెరిచి ఉండేవి కొన్ని. సిసిలీలోని పాత జిబెల్లీనా వీటిలో మొదటిది. 1968 జనవరిలో బెలీచే లోయ భూకంపానికి ఊరు నేలమట్టమైంది. తర్వాత కళాకారుడు అల్బెర్తో బుర్రి ఆ శిథిలాల మీద తెల్లటి కాంక్రీటు పోయించాడు. 1984లో పని మొదలై 1989లో ఆగింది, మిగిలిన భాగం 2015లో పూర్తయింది. పాత వీధుల జాడలోనే పగుళ్ళలాంటి దారులు వదిలారు, వాటి మధ్య నడవొచ్చు. కాంక్రీటు దిమ్మలు దాదాపు మనిషి ఎత్తు ఉంటాయి. టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. నీడ కూడా లేదు, పొద్దున్నే వెళ్ళండి.

టికెట్ కొని గైడ్ వెంట మాత్రమే వెళ్ళాల్సినవి ఇంకొన్ని: ఇటలీలో క్రాకో, స్పెయిన్‌లో బెల్‌చీతే. బెల్‌చీతే సరగోసా నగరానికి 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1937 ఆగస్టు, సెప్టెంబరుల్లో అంతర్యుద్ధంలో ధ్వంసమైంది. స్పెయిన్ నియంత ఫ్రాంకో దాన్ని బాగు చేయించకుండా పక్కనే కొత్త ఊరు కట్టించాడు. పాత ఊళ్ళోంచి చివరివాళ్ళు 1964లో వెళ్ళిపోయారు. ఇప్పుడు చుట్టూ కంచె ఉంది. రాత్రి టూర్లు కూడా ఉంటాయి గానీ, మొదటిసారి పగలే చూడండి. రాత్రి టూరులో కథలు ఎక్కువ వింటాం, గోడలు తక్కువ చూస్తాం.

ఫ్రీగా వెళ్ళగలిగినా పద్ధతి పాటించాల్సిన చోటు ఫ్రాన్స్‌లోని ఒరాదూర్ సుర్ గ్లాన్. దీని గురించి ఏడో మెట్టులో.

సైన్యం క్యాలెండర్ ప్రకారం తెరిచేవి ఇంగ్లాండ్‌లో ఉన్నాయి. డోర్సెట్‌లోని టైన్‌హమ్, విల్ట్‌షైర్‌లోని ఇంబర్, రెండింటినీ 1943 చివర్లో సైనిక శిక్షణ కోసం ఖాళీ చేయించారు. వెళ్ళిపోతూ టైన్‌హమ్ జనం చర్చి తలుపుకి ఒక కాగితం అంటించారు: చర్చిని, ఇళ్ళను జాగ్రత్తగా చూసుకోండి, ఒకరోజు తిరిగి వస్తాం అని. రానివ్వలేదు. ఈ ఊరు ఎక్కువ వారాంతాల్లో, ఆగస్టు సెలవుల్లో తెరిచి ఉంటుంది. ఇంబర్ మాత్రం ఏడాదిలో కొన్ని రోజులే. ఆగస్టులో ఒకరోజు పాత లండన్ డబుల్ డెక్కర్ బస్సులు ఇంబర్‌కి నడుపుతారు. కారు లేనివాళ్ళకి అంతకంటే మంచి రోజు దొరకదు.

పడవలో వెళ్ళేది నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్బార్డ్ దీవుల్లోని పిరమిడెన్. సోవియట్ బొగ్గు గనుల ఊరు, 1998లో మూతపడింది. లెనిన్ విగ్రహం ఇంకా ఉంది. ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి తుపాకీ ఉన్న గైడ్ లేకుండా అడుగు వేయకూడదు. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక చాలా టూర్ కంపెనీలు అక్కడి రష్యన్ కంపెనీతో వ్యాపారం మానేశాయి. కాబట్టి పడవ ఒడ్డుకి చేరుస్తుందా, దూరం నుంచి చూపించి తిప్పేస్తుందా అన్నది డబ్బు కట్టే ముందే రాతపూర్వకంగా అడగండి.

అందరూ అడిగే ఉక్రెయిన్‌లోని ప్రిప్యాత్ సంగతి: ఇప్పుడు వద్దు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ ప్రమాదం జరిగింది, మర్నాడు మధ్యాహ్నం బస్సుల్లో ఊరు ఖాళీ చేయించారు. 2022 ఫిబ్రవరి నుంచి ఆ ప్రమాద ప్రాంతంలోకి టూరిస్టులను రానివ్వడం లేదు. "మాకు తెలిసినవాళ్ళున్నారు, పంపిస్తాం" అని ఎవరైనా డబ్బడిగితే అది మోసమన్నా కావాలి, యుద్ధభూమిలోకి దొంగదారి అన్నా కావాలి.

సైప్రస్‌లో వరోషా మధ్యరకం. 1974 నుంచి కంచె వెనక ఉన్న బీచ్ టౌన్ ఇది. 2020 అక్టోబరులో కొన్ని వీధులు తెరిచారు. రోడ్డు మీద నడవొచ్చు, భవనాల్లోకి వెళ్ళకూడదు. టర్కీ చేతిలో ఉన్న ఉత్తర భాగంలోని ఎయిర్‌పోర్టులో దిగితే దక్షిణాన ఉన్న సైప్రస్ ప్రభుత్వం దాన్ని అక్రమ ప్రవేశంగా చూస్తుంది. దక్షిణం వైపు నుంచి సరైన వీసాతో వచ్చి, చెక్‌పోస్ట్ దాటి చూసి, అటే తిరిగి రండి.

మొదటి ట్రిప్ అయితే నా ఓటు క్రాకోకే. గేటు ఉంది, గైడ్ ఉంటాడు, రాత్రి బస చేయడానికి గంట దూరంలో మతేరా పట్నం ఉంది. కింది మెట్లన్నీ క్రాకోనే ఉదాహరణగా పెట్టుకుని చెప్తాను.

2. వీసా లెక్క చూసుకోండి

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. వేసవికైతే 15 రోజుల మాట మరిచిపోండి, అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లై చేయాలి. 30,000 యూరోల కవరేజ్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

ఇక్కడ మనవాళ్ళు బోల్తా పడేది మూడు చోట్ల.

ఐర్లాండ్‌లోనో బ్రిటన్‌లోనో ఉంటున్న మనవాళ్ళు, "యూరప్‌లోనే ఉన్నాం కదా" అని టికెట్ కొనేస్తారు. ఆ రెండూ షెంజెన్‌లో లేవు. అక్కడి రెసిడెన్స్ కార్డు ఉన్నా భారతీయ పాస్‌పోర్ట్ మీద ఇటలీ వెళ్ళాలంటే షెంజెన్ వీసా తీసుకోవాల్సిందే. అలాగే జర్మనీలో ఉన్నవాళ్ళు టైన్‌హమ్ చూడాలంటే బ్రిటన్ వీసా కావాలి.

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళు ఇటలీకి, స్పెయిన్‌కి దానితోనే వెళ్ళొచ్చు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా. పాస్‌పోర్ట్ మాత్రం జేబులో ఉండాలి. చేతిలో పర్మిట్ ఒక్కటే ఉంటే చాలదు.

మూడోది స్వాల్బార్డ్. నార్వే షెంజెన్‌లో ఉంది, స్వాల్బార్డ్ లేదు. అక్కడికి వీసా అడగరు గానీ, విమానం నార్వే మీదుగానే పోతుంది. అక్కడికి వెళ్ళారంటే షెంజెన్ దాటినట్టే. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరిగి నార్వేలోకి రావడానికి ఎంట్రీ మిగలదు. డబుల్ లేదా మల్టిపుల్ ఎంట్రీ అని వీసా స్టిక్కర్ మీద కళ్ళతో చూసుకుని గానీ పడవ బుక్ చేయకండి.

3. గేటు నిజంగా తెరిచి ఉందో రూఢి చేసుకోండి

ఇన్‌స్టాగ్రామ్ రీల్‌లో అబ్బాయి కిటికీలోంచి దూకి లోపలికి వెళ్ళాడంటే ఆ ఊరు తెరిచి ఉన్నట్టు కాదు. రీల్ ఎప్పటిదో, ఆ తర్వాత కంచె వేశారో లేదో మీకు తెలియదు. ఇలా చేయండి.

ముందు ఆ ఊరి మున్సిపాలిటీ లేదా టూరిజం ఆఫీసు వెబ్‌సైట్ చూడండి. ఇంగ్లిష్ పేజీ పాతబడి ఉంటుంది, ఇటాలియన్ పేజీ తెరిచి బ్రౌజర్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టండి. "విజిటా గ్విదాతా" (గైడ్ టూర్) అన్న చోట టూర్ టైమింగులు ఉంటాయి. తర్వాత మ్యాప్స్‌లో రివ్యూలు కొత్తవి పైకి వచ్చేలా పెట్టి, గత రెండు నెలలవి మాత్రమే చదవండి. అందులో "గేటు మూసి ఉంది" అని ఒక్కరు రాసినా ఈమెయిల్ పెట్టండి. రెండు వాక్యాలు చాలు: ఫలానా తేదీన టూర్ ఉందా, ఇంగ్లిష్ గైడ్ ఉంటారా. జవాబు రాకపోతే ఫోన్ చేయండి. దక్షిణ ఇటలీలో ఈమెయిల్ కంటే ఫోనే తొందరగా పని చేస్తుంది.

వారంలో మూసే రోజు, మధ్యాహ్నం మూసే గంటలు రాసుకోండి. స్పెయిన్‌లో, ఇటలీలో ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా చిన్న ఊళ్ళు తలుపులేసుకుంటాయి. సరిగ్గా ఆ సమయానికి చేరుకోవడం మనవాళ్ళకి అలవాటైపోయింది, ఎందుకంటే పొద్దున హోటల్ బ్రేక్‌ఫాస్ట్ వదులుకోరు. వాన, పెద్ద గాలి ఉంటే టూర్ ఆపేయవచ్చు. అందుకే క్రాకోకి ఒక్క రోజే కాకుండా మతేరాలో రెండు రాత్రులు పెట్టుకుంటే మర్నాడు మళ్ళీ ప్రయత్నించొచ్చు.

4. మ్యాప్‌లో సరైన ఊరు కొట్టండి

చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం రోజు పోయేది ఇక్కడే. ఖాళీ చేసినవాళ్ళు కొత్త ఊరికి కూడా పాత పేరే పెట్టుకుంటారు. శ్రీశైలం ముంపు గ్రామాలు తెలిసిన మనకి ఇది కొత్తేమీ కాదు: ఊరు మారింది, పేరు మనుషులతో పాటు కదిలింది. మ్యాప్‌లో "జిబెల్లీనా" అని కొడితే కొత్త పట్నానికి తీసుకెళ్తుంది. మీకు కావలసింది "క్రెత్తో ది బుర్రి", అంటే బుర్రి కాంక్రీటు పోయించిన పాత ఊరు. జిబెల్లీనా దగ్గరే ఉన్న పోజ్జొరియాలేలోనూ అంతే, కొత్తది వేరు, భూకంపానికి పోయింది వేరు. క్రాకోలో జనం ఉండేది దిగువన ఉన్న క్రాకో పెస్కియేరాలో, మీరు చూడాల్సింది గుట్ట మీద పాత ఊరు. బెల్‌చీతేలో, ఒరాదూర్‌లో పాతది, కొత్తది పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అంత ఇబ్బంది లేదు.

చెక్ చేసే పద్ధతి: పిన్ పెట్టాక శాటిలైట్ వ్యూ చూడండి. ఇళ్ళకి పైకప్పులు లేకుండా, ముందు కార్లు లేకుండా ఉంటే సరైన ఊరే. తర్వాత ఊరి మీద కాదు, టికెట్ కౌంటర్ మీద పిన్ పెట్టండి. రెండింటి మధ్య కిలోమీటరు ఎక్కుడు ఉండొచ్చు.

5. రాకపోకలు

క్రాకోకి దగ్గరి పెద్ద ఎయిర్‌పోర్టు బారీ. బారీ నుంచి మతేరాకి చిన్న ప్రాంతీయ రైలు ఉంది, ప్రధాన రైల్వే కంపెనీది కాదు, టికెట్ విడిగా కొనాలి. ఆదివారం సర్వీసులు వేరు, ముందే చూసుకోండి. మతేరా నుంచి క్రాకోకి కారులో సుమారు గంట. బస్సుల మీద ఆధారపడకండి, పొద్దున వెళ్ళే బస్సు దొరికినా సాయంత్రం తిరిగొచ్చేది దొరకదు. కారు నడపనివాళ్ళు మతేరా నుంచి డే టూర్ తీసుకోవడమో, నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోవడమో చేయండి. టాక్సీ అయితే రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి ముందే ధర ఖాయం చేసుకోండి.

కారు నడిపేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇటలీ పాత పట్నాల నడిబొడ్డున జెడ్.టి.ఎల్. అనే పరిమిత ప్రవేశ ప్రాంతాలుంటాయి, మతేరాలో కూడా. ఎర్ర వలయం ఉన్న తెల్ల బోర్డు, పక్కనే కెమెరా. ఎవరూ ఆపరు, విజిల్ వేయరు, ఫోటో తీస్తారంతే, జరిమానా తర్వాత వస్తుంది. నావిగేషన్ యాప్ మిమ్మల్ని నేరుగా అందులోకి తీసుకెళ్తుంది. హోటల్ అందులోనే ఉంటే, కారు నంబరు రిజిస్టర్ చేస్తారా అని హోటల్‌వాళ్ళను ముందురోజే అడగండి. "చేయం" అంటే బయట పార్క్ చేసి నడవండి.

టైన్‌హమ్‌కి దగ్గరి రైల్వే స్టేషన్లు వేర్‌హమ్, వూల్. అక్కడి నుంచి టాక్సీ. ఒరాదూర్‌కి లిమోజ్ నుంచి, బెల్‌చీతేకి సరగోసా నుంచి బస్సులున్నాయి, కాకపోతే తక్కువ. వెళ్ళే బస్సు కంటే తిరిగొచ్చే ఆఖరి బస్సు ముందు చూడండి.

6. తిండి

ఖాళీ ఊళ్ళో హోటల్ ఉండదు, ఇది అందరికీ తెలుసు. పక్కన ఉన్న కొత్త ఊళ్ళో కూడా మధ్యాహ్నం మూడింటికి ఏమీ దొరకదని మాత్రం ఎవరూ అనుకోరు. శాకాహారులైతే ఇంకా ఇబ్బంది. మతేరాలో బేకరీ నుంచి రొట్టె కొనుక్కోండి, ఆ ఊరి రొట్టె పేరున్నది. అదీ, టమాటాలు, చీజ్, అరటిపళ్ళు ఉంటే పూట గడిచిపోతుంది. ఇంట్లో వంట చేసుకునే వీలుంటే పులిహోర కంటే మంచిది లేదు, సాయంత్రం దాకా పాడవదు. తినడం మాత్రం గేటు బయట. లోపల కూర్చుని డబ్బాలు విప్పకండి.

7. లోపల ఎలా నడవాలి

క్రాకోలో టికెట్ తీసుకున్నాక హెల్మెట్ ఇస్తారు. జుట్టు చెడిపోతుందని చేతిలో పట్టుకుని తిరిగేవాళ్ళుంటారు. పెట్టుకోండి. ఎందుకో లోపలికి వెళ్ళి తల పైకెత్తితే తెలుస్తుంది. బాల్కనీ ఇనుప కమ్ములు గోడని పట్టుకుని ఉంటాయి, కింద నిలబడాల్సిన రాతి పలక సగమే ఉంటుంది. కిటికీల్లోంచి అంజూరపు కొమ్మలు బయటికి వచ్చి ఉంటాయి. ఆ చెట్టు వేళ్ళే గోడని చీలుస్తాయి.

ఊరి కథ గైడ్ చెప్తారు, క్లుప్తంగా ఇది: క్రాకో ఉన్నది బంకమట్టి గుట్ట మీద. 1963లో కొండచరియ జారి ఇళ్ళు పగిలాయి. దాదాపు 1,800 మందిని దిగువకు తరలించడం మొదలుపెట్టారు. 1972లో వరదలొచ్చాయి, 1980లో భూకంపం వచ్చింది, దాంతో మిగిలినవాళ్ళూ దిగిపోయారు. నేల ఇంకా కదులుతూనే ఉంటుంది, అందుకే గైడ్ దారి మార్చినప్పుడు "నిన్న వీడియోలో అటు వెళ్ళారు కదా" అని వాదించకండి.

నడిచేటప్పుడు:

- గైడ్ అడుగు వేసిన చోటే అడుగు వేయండి. గడ్డి మొలిచిన చదును నేలలా కనిపించేది కింది ఇంటి పైకప్పు కావచ్చు.
- చెక్క అంతస్తు మీద కాలు పెట్టొద్దు, ఎంత గట్టిగా కనిపించినా సరే.
- గోడని ఆనుకుని ఫోటోలకి నిలబడొద్దు. పిల్లల్ని అరుగుల మీద, కిటికీల్లో కూర్చోబెట్టొద్దు.
- పాత ఇళ్ళల్లో నీటి తొట్లు, నేలబావులు ఉంటాయి. చీకటిగా ఉన్న గదిలోకి తల కూడా పెట్టొద్దు.
- రాయి, పెంకు, మేకు, ఏదీ జేబులో వేసుకోవద్దు. ఇటలీలో అలాంటి చోటు నుంచి వస్తువు పట్టుకెళ్ళి ఎయిర్‌పోర్టులో దొరికితే అది గుర్తుగా మిగిలే వస్తువు కాదు, కేసు.

టైన్‌హమ్‌లో ప్రమాదం వేరు. ఊళ్ళో భద్రమే. ఊరు దాటి సముద్రం వైపు నడిచే దారిలో పసుపు రంగు గుంజలు పాతి ఉంటాయి. వాటి మధ్య నుంచి పక్కకి తప్పుకోకూడదు. అటూ ఇటూ పేలని గుండ్లు ఉండొచ్చు. లోహపు ముక్క ఏది కనిపించినా ముట్టుకోకుండా వచ్చేయండి. కుక్కని తీసుకెళ్తే బెల్టు వదలొద్దు.

ఒరాదూర్‌లో శరీరానికి ప్రమాదం లేదు, ప్రవర్తన ముఖ్యం. 1944 జూన్ 10న నాజీ ఎస్‌ఎస్ సైనికులు ఈ ఊళ్ళో 643 మందిని చంపి ఇళ్ళకి నిప్పు పెట్టారు. మగవాళ్ళని కొట్టాల్లో కాల్చారు, ఆడవాళ్ళని, పిల్లల్ని చర్చిలో చంపారు. ఊరిని అలాగే ఉంచాలని ఫ్రాన్స్ నాయకుడు డిగాల్ నిర్ణయించాడు. కొత్త ఊరు పక్కన కట్టారు. స్మారక కేంద్రం నుంచి లోపలికి వెళ్ళాలి. మ్యూజియంకి టికెట్ ఉంది, శిథిలాలకి లేదు. శీతాకాలంలో కొన్ని వారాలు మూసేస్తారు, డిసెంబరు సెలవుల్లో వెళ్ళేవాళ్ళు తప్పక చూసుకోండి. లోపల ట్రామ్ పట్టాలు, తుప్పు పట్టిన కార్లు, ఇంటింటా కాలిన కుట్టు మిషన్లు కనిపిస్తాయి. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు తొక్కినలాంటి మిషన్లే, చెక్క కాలిపోయి ఇనుము మిగిలింది. ఇక్కడ సెల్ఫీలు వద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, వీడియోకాల్‌లో ఇంటివాళ్ళకి చూపించకండి. పదేళ్ళలోపు పిల్లలుంటే, నా మాట వినేట్టయితే, ఈ ఊరు వదిలేసి జిబెల్లీనాకో క్రాకోకో తీసుకెళ్ళండి. క్రాకోలో చిన్నపిల్లలకి వయసు పరిమితి ఉందేమో బుకింగ్ అప్పుడే అడగండి.

8. కంచె దగ్గర ఆగిపోతే

అన్నీ చూసుకున్నా గేటు మూసి ఉండొచ్చు. అప్పుడు బోర్డు చదవండి. ఇటలీలో "పెరికోలో ది క్రోల్లో" అంటే కూలే ప్రమాదం, "దివియెతో ది అచ్చెస్సో" అంటే ప్రవేశం లేదు. స్పెయిన్‌లో "ప్రోహిబిదో ఎల్ పాసో", జర్మనీలో "బెత్రేతెన్ ఫెర్‌బోతెన్" అన్నా ప్రవేశం లేదనే. కంచెకి కన్నం ఉన్నా, అవతల ఎవరో తిరుగుతున్నా, దూరొద్దు. జరిమానా సంగతి పక్కన పెట్టండి. వీసా మీద ఉన్నవాళ్ళకి పోలీసు రికార్డు అంటే తర్వాతి వీసా దగ్గర జవాబు చెప్పుకోవాల్సిన విషయం. పైగా అనుమతి లేని చోట కాలు విరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు.

బదులుగా ఏం చేయొచ్చు? క్రాకోకి ఎదురుగా రోడ్డు మలుపుల్లోంచి ఊరు మొత్తం కనిపిస్తుంది, నిజానికి మంచి ఫోటో అక్కడి నుంచే వస్తుంది. కారు మాత్రం రోడ్డు మీద కాదు, పక్కకి తీసి ఆపండి. అదే ప్రాంతంలో కాంపోమజ్జోరె పాత ఊరు ఉంది, 1885లో కొండచరియకి పోయింది. అదీ కాదంటే మతేరానే చూడండి. అక్కడి గుహల ఇళ్ళ నుంచి 1950లలో సుమారు 15,000 మందిని ప్రభుత్వం బయటికి తరలించింది. దశాబ్దాలు ఖాళీగా ఉండి, 1993లో యునెస్కో జాబితాలో చేరి, ఇప్పుడు అవే గుహలు హోటళ్ళయ్యాయి. ఖాళీ అయిన ఊళ్ళోనే పడుకోవాలని సరదా ఉంటే అదిగో.

బయల్దేరే ముందు చెక్

ఒక కాగితం మీద ఇవి రాయండి: టికెట్ కౌంటర్ పిన్, టూర్ మొదలయ్యే సమయం, ఆ రోజు తెరిచి ఉంటుందని ఎవరు ఎప్పుడు చెప్పారు, తిరిగొచ్చే ఆఖరి బస్సు లేదా సూర్యాస్తమయం, గేటు మూసి ఉంటే వెళ్ళే రెండో చోటు. వీటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా ప్లాన్ పూర్తి కానట్టే. ఆ కాగితం ఫోటో ట్రిప్‌కి రాని ఒకరికి పంపండి. ఏదైనా జరిగితే యూరప్ అంతా ఎమర్జెన్సీ నంబరు 112, బ్రిటన్‌లో కూడా పని చేస్తుంది.

అందరూ చేసే మరికొన్ని పొరపాట్లు

జులై, ఆగస్టుల్లో దక్షిణ ఇటలీ. మనకి ఎండ అలవాటే అంటారు. మనకి చెట్టు నీడ కూడా అలవాటే, అక్కడ అది లేదు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా, లేదంటే సెప్టెంబరు, అక్టోబరు మంచివి.

ఒకే రోజులో రెండు ఊళ్ళు పెట్టుకోవడం. జిబెల్లీనా, పోజ్జొరియాలే దగ్గరే గానీ, రెండోదానికి గేటు ఉంది, అనుమతి లేకుండా లోపలికి పంపరు.

జనం ఉన్న ఊరిని ఘోస్ట్ టౌన్ అనుకోవడం. ఇటలీలోని చివిటా ది బాన్యోరెజ్జో అలాంటిదే. "చచ్చిపోతున్న ఊరు" అని పేరు పడింది గానీ అక్కడ మనుషులున్నారు, లోపలికి వెళ్ళడానికి ఫీజు ఉంది, వీధి నిండా టూరిస్టులు. బెల్జియంలో డోల్ అయినా అంతే, గోడల నిండా బొమ్మలుంటాయి, కొన్ని ఇళ్ళల్లో కాపురాలూ ఉంటాయి. కర్టెన్ ఉన్న కిటికీలోకి కెమెరా పెట్టకండి.

కొత్త ఊళ్ళో ఉన్నవాళ్ళతో మాట్లాడకుండా వచ్చేయడం. క్రాకో పెస్కియేరాలో ఆగి కాఫీ తాగితే, ఆ పాత ఊళ్ళో పుట్టినవాళ్ళే పక్క టేబుల్ దగ్గర ఉండొచ్చు. దెయ్యాల ఊరు ఎక్కడ అని మాత్రం వాళ్ళని అడక్కండి. మీ పాత ఊరు చూసొచ్చాం అని చెప్పండి, మిగతాది వాళ్ళే చెప్తారు.

ఇంటికొచ్చాక

ఆ సాయంత్రమే స్నానం చేసి, కాళ్ళు, మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పిడుదు పురుగు పట్టిందేమో చూసుకోండి. ఉంటే సన్నటి పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగేయండి. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్ర వలయం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఫోటోలు పెట్టేటప్పుడు, మీరు టికెట్‌తో చూసిన ఊరైతే లొకేషన్ పెట్టండి, నలుగురికి పనికొస్తుంది. గేటు, కాపలా లేని చిన్న ఊరైతే లొకేషన్ తీసేసి పెట్టండి.

కారు అద్దెకు తీసుకున్నవాళ్ళు క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ కొన్ని నెలల దాకా చూస్తూ ఉండండి. జెడ్.టి.ఎల్. కెమెరాకి చిక్కి ఉంటే, అద్దె కంపెనీ చిన్న మొత్తం కట్ చేస్తే అది జరిమానా కాదు, మీ అడ్రసు పోలీసులకి ఇచ్చినందుకు తీసుకున్న ఫీజు. అసలు నోటీసు తర్వాత వస్తుంది, విదేశాల్లో ఉన్నవాళ్ళకి 360 రోజుల్లోపు ఎప్పుడైనా పంపొచ్చు. చేతికి అందిన ఐదు రోజుల్లో కడితే సాధారణంగా 30 శాతం తగ్గుతుంది. కట్టాక రసీదు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.